బావ కసరత్తు, అక్క బరువు

మా బావ చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని పైకీ కిందకీ ఒకసారి ఆడించి చూస్తాడు. పుస్తకమిచ్చినా అంతే, పసిబిడ్డనిచ్చినా అంతే. "మూడు కిలోల రెండొందలు" అన్నాకే బిడ్డ మొహం వంక చూస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా కాటాలు బాగుచేసేవాడికి అది జబ్బు కాదు, పనివాసన అని మా అక్క ఎప్పుడూ వెనకేసుకొస్తుంది. ఆయన్ని అందరూ కాటా మేస్త్రి అంటారు. కూరగాయల కొట్లో చిన్న త్రాసు మొదలుకుని గోడౌన్లో బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా దాకా, ఏది తప్పు చూపించినా కబురు ఆయనకే వెళుతుంది. మనిషి మాత్రం చీపురుపుల్ల. పనిముట్ల సంచీని ఆయన మోస్తున్నాడో, సంచీయే ఆయన్ని ఈడ్చుకుపోతోందో తెలిసేది కాదు.

అలాంటి మనిషి అరవై ఒకటో ఏట కసరత్తు మొదలెట్టాడు. ఎందుకో ముందే చెబుతాను, లేకపోతే మీరు నవ్వేస్తారు. నేను నవ్వాను.

అక్క మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి పదకొండో రోజున ఇంటికి పంపారు. వాకర్ పట్టుకుంటే నాలుగడుగులు వేసేది. చిక్కంతా లేవడం దగ్గరే. కూర్చున్న చోటునుంచి ఎవరో ఒకరు లేపాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక ఆయా వచ్చేది. ఆవిడ ఉన్నంతసేపూ బాగానే జరిగిపోయేది. మూడో రోజు మధ్యాహ్నం, ఆయా లేని వేళ, అక్క బాత్రూంలో స్టూలు మీంచి కిందకి జారిపోయింది. బావ చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయి, ఎత్తలేక, తనూ కూలబడ్డాడు. స్కూలు ల్యాబులో నా పని ముగించుకుని వెళ్లేసరికి ఇద్దరూ తడి నేల మీద గోడకి చేరగిలబడి ఉన్నారు. అప్పటికి నలభై నిమిషాలైందట.

"రావే, నీకూ చోటుంది" అంది అక్క.

బావ తలెత్తలేదు. నాకు వెన్నులో డిస్కు జారి ఆరేళ్లు. పక్కింటాయన్ని పిలుచుకొచ్చి ఎలాగో లేపించాం.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉంటుంది కానీ మాట కత్తి. ఎముక అతుక్కునే దాకా మంచం మీదే చేసుకునే చిన్నచిన్న కదలికలు అక్కకి నేర్పింది. తర్వాత బావని గుమ్మం దగ్గరికి పిలిచింది.

"ఆయా ఇంకా ఆరు వారాలే వస్తుందన్నారు కదండీ. ఆ తర్వాత ఆవిడని లేపే మనిషి ఇంట్లో లేకపోతే ఇక్కడ ఉంచడం మంచిది కాదు. మూడు నెలలు సంరక్షణ కేంద్రంలో పెట్టాల్సిందే. ఆరు వారాలకి మళ్లీ వస్తాను. ఎవరు లేపుతారో, ఎలా లేపుతారో నా కళ్లముందు చేసి చూపించండి."

మెల్లిగానే చెప్పింది. కానీ అక్క చెవులు పాము చెవులు. ఆ కేంద్రానికి తనతో పనిచేసిన ఒకావిడని చూడ్డానికి ఒకసారి వెళ్లొచ్చింది. మంచం పక్కన గోడకి ఒక బటన్ ఉంటుందనీ, అది నొక్కి ఎవరైనా వస్తారేమోనని తలుపు వంకే చూస్తూ పడుకుంటారనీ మాకు అప్పుడే చెప్పింది. ఇప్పుడు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, "నన్ను పంపించేస్తారాండీ?" అని మాత్రం అడిగింది.

"నిన్నా? ఎక్కడికి?" అని బావ చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు.

గంట తర్వాత ఆటోలో ఒక ప్లాట్‌ఫాం కాటా దింపాడు. నాలుగు వేళ్ల ఎత్తున్న ఇనుప పలక. దాన్ని మంచం పక్కకి జరిపి, మీద కుర్చీ వేసి, కుర్చీ బరువు మినహాయించి సున్నా చేసి, ఆయా సాయంతో అక్కని అందులో కూర్చోబెట్టాడు. అరవై ఎనిమిది కిలోల నాలుగు వందలు. తర్వాత గోడకి నేల దగ్గర కొక్కెం కాటా ఒకటి బిగించి, దాని తాడు పట్టుకుని తన శక్తికొద్దీ పైకి లాగాడు. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఎనిమిదేళ్లు లోకాన్ని తూచినవాడు తనని తాను తూచుకోవడం అదే మొదలనుకుంటాను. ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. "కాటాలో తప్పేమీ లేదు" అన్నాడు చివరికి.

అలా మొదలైంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వ్యాయామ సామాన్ల కొట్టుకి వెళ్లాడు. లోపల అద్దాలు, వాటి ముందు వరసలుగా ఇనుము. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న సేల్స్‌మన్ నవ్వు మొహంతో ఎదురొచ్చాడు.

"చెప్పండి సార్. మీ గోల్ ఏంటి?"

"మా ఆవిడ" అన్నాడు బావ.

"అంటే, మేడం గారికా సార్?"

"కాదు, నాకే. ఆవిడని ఎత్తాలి."

సేల్స్‌మన్ నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. పాపం, ఆ తర్వాత అతను చాలా ఓపిక పట్టాడు. ఇనుప డంబెల్స్, రబ్బరు తొడుగు డంబెల్స్, నీళ్లు నింపుకునేవి, ప్లేట్లు మార్చుకునేవి చూపించాడు. పైన చెవి ఉన్న ఇనుప గుండు చూపించి దాన్ని కెటిల్‌బెల్ అంటారన్నాడు. పొడుగు కడ్డీ, దానికో బెంచీ, బెంచీకో చాప. చేతికి రంగురంగుల రబ్బరు బ్యాండ్లు ఇచ్చి, వయసైనవాళ్లకి ఇవే మేలన్నాడు. ఒకదాని గురించి విని తలూపేలోపే ఇంకోటి తెచ్చి, అసలు అది ఉంటే ముందుది అక్కర్లేదనేవాడు. బావ మొహం పరీక్ష హాల్లో వేరే సబ్జెక్టు పేపరు చేతికొచ్చిన పిల్లాడిలా అయింది.

తెలియని చోట మనిషి తెలిసినదాన్ని పట్టుకుంటాడు కదా. బావ ఐదు కిలోల డంబెల్ తీసి పైకీ కిందకీ ఆడించాడు.

"ఇది ఐదు కాదు."

"రాసుంది కదా సార్."

"రాసింది చదవగలను బాబూ. ఐదు కాదు."

సంచీలోంచి చేతి త్రాసు తీసి అక్కడికక్కడే తూచాడు. నాలుగు కిలోల ఎనిమిది వందల అరవై. సేల్స్‌మన్ నోరెళ్లబెట్టాడు. "ఎక్సర్‌సైజుకి నూట నలభై గ్రాములు లెక్కలోకి రావు సార్" అన్నాడు తేరుకుని.

"ఉల్లిపాయలకి వస్తే దీనికెందుకు రావు?"

దాంతో కొట్లో ఉన్న డంబెల్స్ అన్నీ ఒక్కొక్కటీ తూచడం మొదలైంది. నాకు ఒళ్లు మండిపోయింది. "బావా, నువ్వు వీటిని ఎత్తడానికొచ్చావా, తూనికల సీలు వెయ్యడానికొచ్చావా?" అన్నాను. గంటన్నర తర్వాత ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ ఒక జతా, మూడు రబ్బరు బ్యాండ్లూ తీసుకుని బయటపడ్డాం. ఏది ఎందుకు కొన్నామో ఇద్దరికీ తెలియదు.

బ్యాండ్లతో ఇంకో రగడ. ఎర్రది ఏడు కిలోల పట్టు అని దాని మీద రాసుంది. బావ దాని ఒక కొస కొక్కెం కాటాకి తగిలించి రెండో కొస లాగాడు. జానెడు లాగితే మూడు, మూరెడు లాగితే ఆరు, ఇంకా లాగితే పది. పది నిమిషాలాగి మళ్లీ లాగితే అదే జానెడుకి ఇంకో అంకె. సాయంత్రమంతా అదే పని. "దీనికంటూ ఒక బరువు లేదే! ఎంత లాగితే అంత అంటోంది. ఇదేం వస్తువే?" అని నన్ను నిలదీశాడు, బ్యాండు నేనే తయారుచేసినట్టు. అక్క మంచం మీంచి పకపకా నవ్వింది. ఆపరేషన్ తర్వాత అంతలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసమైనా ఆ బ్యాండ్లకి రుణపడి ఉండాలనిపించింది నాకు.

ఇక ఏ కసరత్తు చెయ్యాలి అన్న దగ్గర బుర్రలు పూర్తిగా వేడెక్కిపోయాయి. ఫోన్లో వీడియోలు పెడితే ఒకాయన రోజూ చెయ్యమంటాడు, ఇంకొకాయన రోజూ చేస్తే ఉన్న కండ కూడా పోతుందంటాడు. ఒకావిడ బరువు తక్కువ, సార్లు ఎక్కువ అంటుంది. మరొకావిడ సరిగ్గా దానికి తిరగేసి చెబుతుంది. చేతులు పడిపోయే దాకా చెయ్యాలని ఒకడంటే, పడిపోకముందే ఆపాలని ఇంకొకడు. అందరికీ కండలున్నాయి, అదీ చిక్కు. ఎవరో ఒకరు బక్కగా ఉంటే వాళ్ల మాట కొట్టిపారెయ్యొచ్చు కదా అని బావ బాధ.

చివరికి వీధి చివర జిమ్ముకి వెళ్లి శిక్షకుణ్ణి అడిగాం. మనిషి తలుపంత వెడల్పు ఉన్నాడు. "సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం లెగ్స్..." అని వేళ్ల మీద లెక్క మొదలెట్టాడు.

"మా ఆవిడ ఏ వారం పడుతుందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు బావ. "నేను ఛాతీ చేసిన రోజున పడితే?"

శిక్షకుడు వేళ్లు దించేశాడు. సంగతంతా విన్నాక కాగితం తీసుకుని మూడే మూడు రాశాడు. డంబెల్ గుండెలకి హత్తుకుని కుర్చీలో కూర్చుని లేవడం, నేల మీది బరువుని నడుం వంచకుండా ఎత్తడం, బ్యాండు తలుపుకి కట్టి ఒంటి వైపుకి లాగడం. ఒక్కోటి ఎనిమిదేసి చొప్పున, మధ్యలో ఆగుతూ మూడు విడతలు. వారానికి మూడు రోజులు. సులువుగా అనిపించిన వారం అర కిలో పెంచమన్నాడు.

"మిగతా నాలుగు రోజులు?"

"రెస్ట్ అండీ. బలం అప్పుడే పెరుగుతుంది."

ఇది బావకి అస్సలు మింగుడు పడలేదు. పని చేస్తుంటే రాని బలం ఊరికే కూర్చుంటే ఎలా వస్తుందని దారి పొడుగునా గొణుక్కున్నాడు. అయినా చెప్పింది చెప్పినట్టు చేశాడు. కూర్చుని లేచేటప్పుడు మోకాళ్లు పటపటమనేవి. నేల మీంచి ఎత్తేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఇదంతా అక్క మంచానికి ఎదురుగానే, ఇంకెక్కడా చోటు లేదు మరి.

రెండో వారం మొదట్లో అనుకుంటాను, కాగితం పెన్సిలూ పట్టుకుని లెక్క వేశాడు. ఎత్తాల్సింది అరవై ఎనిమిది, ఎత్తగలిగేది ముప్ఫై ఒకటి. వారానికి అర కిలో చొప్పున ముప్ఫై ఏడు కిలోలకి డెబ్బై నాలుగు వారాలు. చేతిలో ఉన్నవి ఐదు. ఎక్కడో తప్పుందని మళ్లీ వేశాడు, మళ్లీ డెబ్బై నాలుగే. అప్పుడు తల గీరుకుంటూ, అక్కతో, సరదాకే అన్నాడు:

"నువ్వో కిలో తగ్గితే నాకు రెండు వారాలు కలిసొస్తాయి తెలుసా!"

ముగ్గురం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. అక్కని రోజూ పొద్దున్నే కాటా కుర్చీలో కూర్చోబెట్టడం, అంకె రాయడం, తర్వాత కసరత్తు. వృత్తిలో ఏళ్ల తరబడి ఉన్న అలవాటు అది. ఎత్తబోయేదాని బరువు తెలియకుండా ముట్టుకోడు. అరవై ఏడు, అరవై ఆరున్నర, అరవై ఐదు. ఆపరేషన్ వాపు తీస్తోందని తనే తేల్చేశాడు. నేను వెళ్లినప్పుడల్లా కాగితం చూపించి, "చూడవే, లెక్క రెండు వైపుల్నించీ దగ్గరికొచ్చేస్తోంది" అనేవాడు. నేనూ భేష్ అనేదాన్ని. ల్యాబులో పిల్లల చేత ప్రతి అంకె పక్కనా కారణం రాయించేదాన్ని, మా అక్క అంకెకి కారణం అడగలేదు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆరు వారాలు గడిచాయి. ఫిజియో అమ్మాయి వచ్చింది. బావ ఉతికిన చొక్కా వేసుకుని, అప్పటికే రెండుసార్లు మంచినీళ్లు తాగి సిద్ధంగా ఉన్నాడు. అక్క కుర్చీలో ఉంది. శిక్షకుడు చెప్పినట్టు పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, అక్క నడుం పట్టుకుని లేపాడు. అక్క లేచి నిలబడింది! బావ కాలు తడబడలేదు, చెయ్యి వణకలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆయన మాత్రం అయోమయంగా చూస్తున్నాడు.

"లెక్క ప్రకారం లేవకూడదే!" అన్నాడు. "నేనింకా ముప్ఫై నాలుగు దగ్గరే ఉన్నాను."

ఆ అమ్మాయి నవ్వలేదు. అక్కని కూర్చోబెట్టి తొడ మీద రెండు చోట్ల నొక్కి చూసింది. చేతి గాజుల వంక చూసింది, అవి మోచేతి దాకా జారిపోతున్నాయి. "బరువు చూశారా ఈమధ్య?" అంది.

బావ గర్వంగా కాగితం తీసిచ్చాడు. రోజుకో వరస చొప్పున, గ్రాములతో సహా ఉంది. ఆ అమ్మాయి పైనుంచి కిందిదాకా చదివింది.

"ఆరు వారాల్లో ఎనిమిది కిలోలు పోయాయి. మీరు రోజూ ఇది రాస్తూ కూర్చున్నారా?"

"వాపనుకున్నానమ్మా" అన్నాడు బావ. అంటూనే కాటాలో తప్పెక్కడుందో దొరికినవాడిలా అక్క వైపు తిరిగాడు. "తినట్లేదా నువ్వు?"

గుమ్మంలో ఉన్న ఆయా నోరు విప్పింది. "పొద్దుటి టిఫిన్ నాకే పెట్టేస్తారండీ. సాయంత్రం పెట్టే అన్నం సగం పక్కన పెట్టి, అయ్యగారు వచ్చేలోపు తీసెయ్యమంటారు. ఎవరికైనా చెప్తే పనిలోకి రావద్దన్నారండీ."

"మీరు రోజూ ఆ ఇనుముతో కుస్తీ పడుతుంటే చూడలేకపోయానండీ" అంది అక్క, దుప్పటి వంక చూస్తూ. "కిలోకి రెండు వారాలన్నారు కదా. మీ వైపు నుంచి మీరు చేస్తున్నారు, నా వైపు నుంచి నేను చేయగలిగింది అదొక్కటే. అక్కడికి మాత్రం పంపకండి నన్ను."

బావ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. "నువ్వు తగ్గిపోతే నేనెవర్ని ఎత్తాలే?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఫిజియో అమ్మాయి మాత్రం ఏడవలేదు, కోప్పడింది. మనిషి బస్తా కాదని చెప్పింది. కూర్చున్న మనిషిని లేపేటప్పుడు సగం పైగా బరువు ఆ మనిషి కాళ్లే మోస్తాయట. అందుకే ముప్ఫై నాలుగు ఎత్తేవాడు అరవై కిలోల మనిషిని లేపగలిగాడు. కానీ తిండి లేక ఆ కాళ్లలో కండ కరిగిపోతోంది. ఇలాగే ఇంకో నెల సాగితే ఇద్దరు వస్తాదులు పట్టినా లేవదు. ఇన్నాళ్లూ మనం కసరత్తు ఎంచింది ఒక్కరికే అంది.

అక్కడే కాగితం తీసి, అక్కకి రాసింది. ఎత్తైన కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఐదేసి చొప్పున మూడు విడతలు. సింకు పట్టుకుని మడమలు ఎత్తడం. ఎర్ర బ్యాండు మోకాళ్లకి వేసుకుని కాళ్లు పక్కకి తెరవడం. పూటపూటా గుడ్డో, పప్పో, పాలో, పళ్లెం ఖాళీ అయ్యే దాకా ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. నాలుగు వారాలు గడువిచ్చింది. ఆ లోపు సొంతంగా లేచి చూపిస్తే ఇంట్లోనే ఉండొచ్చు, లేకపోతే కేంద్రమే.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు బావ.

"ఎదురుగా నిలబడండి. పడబోతేనే పట్టుకోండి. లేపకండి."

"లేపకుండా ఊరికే నిలబడాలా?"

"ఊరికే నిలబడాలి."

ఆయన కసరత్తులన్నిట్లోకీ ఇదే గడ్డుదైంది. అక్క కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగి, సగం లేచి, దభీమని వెనక్కి పడేది. బావ చేతులు వాటంతటవే ముందుకెళ్లేవి. "అందుకోకు బావా!" అని నేను అరిచేదాన్ని. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడేవాడు. మొదటి వారం ఒక్కసారీ లేవలేదు. రెండో వారం అక్క కోపంతో గ్లాసు విసిరేసి, "పంపించెయ్యండి, పీడా పోతుంది" అంది. బావ గ్లాసు తీసి, మళ్లీ పాలు పోసి తెచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. అక్క తిట్టుకుంటూనే తాగింది. ఎవరు ఎవరి కోసం చేస్తున్నారో, ఎవరికి కోపమో, ఎవరికి జాలో నాకు అంతుపట్టేది కాదు.

మూడో వారం శనివారం నేను బల్ల మీద గుడ్డు వలుస్తున్నాను. అక్క చెప్పాపెట్టకుండా పాదాలు వెనక్కి లాక్కుంది, ముందుకి వంగింది. నడుం కుర్చీ మీంచి లేచింది. సగంలో ఆగింది. బావ చేతులు ఆమెకి జానెడు దూరంలో, గాల్లో నిలిచిపోయాయి. మెడ నరాలు పొంగి, మొహం జేవురించి, నూరు కిలోలు మోస్తున్నవాడిలా ఉన్నాడు. ఆ చేతుల్లో ఏమీ లేదు. అక్క ఇంకా పైకి లేచింది. ఇంకా. నిటారుగా నిలబడి, జుట్టు వెనక్కి తోసుకుని, ఆయన వంక చూసింది.

"లేచింది నేనండీ" అంది. "మీరు ఊపిరి తీసుకోండి."